నలభై ఎనిమిది శుక్రవారాలు

"పోయినేడు ఒరెగాన్‌లో ఎన్ని రోజులు పని చేశావు?" పన్ను ఫారం ముందేసుకుని మొగుణ్ణి అడిగింది గ్రెచెన్.

"అన్ని రోజులూ అక్కడే," అన్నాడు రస్సెల్.

వాళ్ళ ఇల్లు నదికి ఇవతల, వాషింగ్టన్ రాష్ట్రంలో. ఉద్యోగాలు వంతెన దాటాక ఒరెగాన్ రాష్ట్రంలో, చెరో ఆఫీసులో.

"సరిగ్గా గుర్తు తెచ్చుకో. వంతెన దాటకుండా ఇవతలే పని చేసిన రోజులకి ఒరెగాన్‌కి పన్ను కట్టక్కర్లేదు. ఊరికే వాళ్ళకి సమర్పించుకుంటావా?"

రస్సెల్ చల్లారిపోయిన కాఫీని రెండు గుక్కలు తాగాడు.

"అయితే ఇవతలి రోజులు నలభై ఎనిమిది అని రాయి. శుక్రవారాలు ఆఫీసుకి రానక్కర్లేదన్నారు మావాళ్ళు."

"మరి ప్రతి శుక్రవారం లంచ్ బాక్సు పట్టుకుని ఎక్కడికి వెళ్ళావు?"

"మనూరి లైబ్రరీకి. కింద పిల్లల పుస్తకాల పక్కన కూర్చుని పని చేసుకున్నాను. కోప్పడకు గ్రెచెన్. మీ అమ్మ మనింటికొచ్చాక అకార్డియన్ నేర్చుకోవడం మొదలెట్టింది. పొద్దస్తమానం ఆ మోత పక్కన పని చేయడం నావల్ల కాదు."

ఇద్దరి లెక్కా ఒకే ఫారంలో ఉంది. తన పేరు పక్కన గడి మీద ఇందాకట్నుంచీ కప్పి ఉంచిన అరచెయ్యి మెల్లగా తీసింది గ్రెచెన్.

ఇవతల పని చేసిన రోజులు నలభై ఎనిమిది అని అక్కడ అప్పటికే రాసి ఉంది.

"నేను అక్కడే, పై అంతస్తులో కూర్చునేదాన్ని," అంది.

పక్క గదిలో అకార్డియన్ మొదలైంది. ఇద్దరి చేతులూ ఒక్కసారే కారు తాళాల మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయాయి.

ఆదివారం లైబ్రరీ తెరవరు.