తడి ముడి

వేలూరు కొండమీది పాడుబడిన కోటలో ఒక సొరంగం ఉంది. మా నాయన ఒకనాడు అందులోకి వెళ్లి తిరిగి రాలేదు. పదేళ్ల తర్వాత, ఢిల్లీలో తెల్లదొరల దర్బారు జరిగిన ఏడాది, ఆయన ఎముకలైనా తెచ్చి కర్మ చేద్దామని అన్న మునిరత్నం లాంతరు పట్టుకుని దిగాడు. గుడియాత్తంలో మా మగ్గానికి వాడే నూలును నడుముకు కట్టుకున్నాడు. సొరంగం నోటి దగ్గర కూర్చున్న నా చేతిలో నూలుండ ఉంది.

"రెండుతూర్లు గుంజితే లాగు. నిద్రపోతివా, నీ జడ కత్తిరిస్తా!" అన్నాడు.

"పో అన్నా, గబ్బిలాన్ని చూసి నువ్వే అరస్తావు."

పొద్దుగుంకింది. నూలు కదలడం ఆగిపోయింది. చాలాసేపటికి రెండుసార్లు గుంజినట్టయింది. లాగుతుంటే వేలికి ముడి తగిలింది.

పొద్దున నేనే చుట్టిన నూలు అది. ఎక్కడా ముడి లేదు. తెగిన పోగును మేము ఉమ్మితో తడిపి ముడివేస్తాం. ఈ ముడి ఇంకా తడిగా ఉంది. ఎడమకు తిరిగి ఉంది. మా ఇంట్లో ఎడమచేత్తో ముడివేసేది నాయన ఒక్కడే.

"చెంగమ్మా!"

వెనక్కి తిరిగాను. అన్న కోట గోడ పక్కనుంచి వస్తున్నాడు. ఒళ్లంతా దుమ్ము.

"నూలు నడమన తెగిపోయినాది. ఇంకో కంతలోనుంచి బయటపడితిని," అంటూ నడుముకు వేలాడే తెగిన కొస చూపించాడు.

నా చేతిలో నూలు మళ్లీ రెండుసార్లు గుంజింది.

"ఇడిసిపెట్టు!" అన్నాడు అన్న.

పదేళ్లు ఎదురుచూసిన చేతులు వదల్లేదు. లాగుతూనే ఉన్నాను. నూలు బరువెక్కుతోంది.