బతికున్న దారులు

తాళ్ళరేవులో నూకరత్నానికి పెళ్లయిన కొత్తలోనే బోదకాలు వచ్చింది. భర్త సూరిబాబు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ కాలివైపు చూసేవాడు కాదు, మంచం కూడా వసారాలోకి మార్చుకున్నాడు.

ఏళ్లు గడిచి, చేతికి తొడుక్కుని తడిమితే ఒంటి లోపలి బొమ్మను గోడ మీద చూపించే స్కాన్ గ్లౌజులు ఊరూరా వచ్చేశాయి. ఆరోగ్య కేంద్రంలో అడిగితే ఇంటికిచ్చేవారు. గేదె చూలు చూసుకోవడానికీ వాటినే వాడేవారు.

"కాల్లో నీరు లాగే నాళాలు ఏవి పనిచేస్తున్నాయో రోజూ చూసి, చర్మం మీద గీతలు గీయాలి. వాటిని బట్టే ఆపరేషన్. మీ ఆయన చేత చేయించు," అంది నర్సు, రత్నానికి గ్లౌజు ఇస్తూ.

రోజూ పొద్దున్నే, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, సూరిబాబు ఆమె కాలు ఒళ్లో పెట్టుకుని, జెల్ రాసి, గ్లౌజు చేత్తో మెల్లగా తడిమేవాడు. గోడ మీద బొమ్మ కదిలేది.

"రత్నం, ఇక్కడొకటి బతికే ఉందే!" అని మురిసిపోతూ గీత గీసేవాడు.

చెరిగిపోతే మళ్లీ గీస్తాడని ఆమె కావాలనే కాలు రుద్ది రుద్ది కడుక్కునేది.

ఆపరేషన్ బాగా జరిగింది. నెలలు తిరిగేసరికి వాపు చాలావరకు తగ్గిపోయింది. అందరూ సంతోషించారు. రత్నానికి మాత్రం పొద్దున లేస్తే ఏదో వెలితిగా ఉండేది.

గ్లౌజు తిరిగిచ్చేద్దామని సూరిబాబు సంచిలో పెడుతుంటే, ఆమె పీట వాల్చుకుని కూర్చుంది.

"ఒక్కసారి చూడయ్యా."

"నయమైపోయిందిగా, ఇంకేం చూడాలి?" అంటూనే గ్లౌజు బయటికి తీయబోయాడు.

"అదొద్దు," అంది తల దించుకుని.

అతను సంచి పక్కన పెట్టి, ఆమె ముందు కూర్చున్నాడు.

"చెయ్యి చల్లగా ఉంటుందేమోనే," అన్నాడు.

"ఉండనీ," అంది రత్నం.