సొరబుర్ర తేవాల్సిందెవరు

ఆ చెరువులో ఏటా తామరాకు పడవల పందెం జరిగేది. గాలివాటున నడిమిదాకా పోయి, అక్కడ రాయికి కట్టిన సొరబుర్రను చుట్టి ఒడ్డుకు రావాలి. ఎప్పుడూ ఎండ్రకాయ ముందొచ్చేది, నత్త ఆఖరున వచ్చేది. ఆఖరి పడవ ఆ సొరబుర్రను విప్పి వెంట తెచ్చాకే విందు.

ఆకలికి ఆగలేని పెద్దకప్ప ఒక ఏడు పద్ధతి మార్చేసింది. "ఒక్క పొడుగు పందెమెందుకు? సొరబుర్రకు దగ్గర్లోనే మొదలుపెట్టి పొట్టివి నాలుగు పెడదాం. వెనకబడ్డవాళ్లు అప్పటికప్పుడు ఇంటికి పోవాలి."

నత్త మొదటి పందెంలోనే ఇంటికి పోయింది. ఒక్కొక్కరే తప్పుకోగా చివరికి ఎండ్రకాయ మిగిలింది. మధ్యాహ్నానికల్లా విందు కూడా అయిపోయింది. కొత్త పద్ధతిని అందరూ మెచ్చుకున్నారు.

మరుసటి ఏడు పడవలు నడిమికి పోయి చూస్తే సొరబుర్ర లేదు. పోయినేడు ఎవరూ విప్పి తేకపోవడంతో వానలకు ఎప్పుడో కొట్టుకుపోయింది. ఎక్కడ తిరగాలో తెలియక పడవలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

"నత్తా! సొరబుర్ర తేవడం నీ పని కాదూ?" అని కప్ప అరిచింది.

"నా పని కాదు కప్పయ్యా. ఆఖరున నీళ్లమీద మిగిలిన పడవ పని," అంది నత్త ఆకు కొరుకుతూ. "పోయినేడు మిగిలిందెవరు?"

అందరూ ఎండ్రకాయ వైపు చూశారు. అది పక్కకు నడుచుకుంటూ వెళ్లిపోయింది.