సీలు తీయని ప్లేటు

బూజు ప్రోటీన్ల పరీక్షలో వరుసగా మూడో రాత్రి కూడా మనిషి ఉమ్మే తేలింది. పరిశోధకురాలు ఒళ్ళు మండి టెక్నీషియన్‌కి ఫోన్ చేసింది.

"అన్నా, మాస్కు లేకుండా బూజు పెంచే ప్లేట్ల దగ్గర మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? నా కష్టమంతా మట్టిపాలు."

"నేను సెలవులో ఉన్నానమ్మా. సోమవారం నుంచి ల్యాబులో ఉన్నది మీరొక్కరే కదా."

ఆమె విసురుగా ఫోన్ పెట్టేసి, ఇంక్యుబేటర్ తెరిచి, ఇంకా సీలు తీయని ప్లేటు అందుకుంది. టేపు చెక్కుచెదరలేదు. లైటు కింద పెట్టి చూసింది. మూత లోపల దట్టంగా పెరిగిన బూజు నడుమ, నాలుకంత వెడల్పున, ఒక చార నున్నగా, తడిగా మెరుస్తోంది.

వెనక ఇంక్యుబేటర్‌లోంచి వస్తున్న మెత్తని చప్పుడు ఫ్యానుదే అనుకుంది ఇంతసేపూ. ఇప్పుడది ఆగింది.

ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.