తొమ్మిదో నంబరు బొమ్మ

"ఆ బొమ్మ దించు పాపా. నేను తీసుకుపోతా."

పుట్టపర్తిలో మానసిక రోగులు గీసిన బొమ్మల ప్రదర్శన అది. హాలు అప్పుడే తెరిచారు. ఆంజనేయులు తొమ్మిదో నంబరు బొమ్మ ముందు నిలబడ్డాడు. పక్కన పొరుగింటి మీరావలి. నిన్న ఈ హాల్లో కరెంటు పనికి వచ్చి, బొమ్మలోని గదిని గుర్తుపట్టింది అతనే.

బొగ్గుతో గీసిన బొమ్మ. చెనక్కాయల మూటలు వేసే గది. కిటికీకి రెండే ఊచలు. మూటల మధ్య ఒక ఆడమనిషి, కాలికి ఎద్దును కట్టే పలుపు. తలుపు సందులోంచి అన్నం గిన్నెను లోపలికి నెడుతున్న ఒక మగవాడి పాదం.

"ఇవి ఇచ్చేవి కాదు పెద్దాయనా," అంది అక్కడి పని చూసే ఆశ్రిత.

"నా పెండ్లాం గీసింది."

"దేనికీ పేరు పెట్టలేదే! మీకెట్ల తెలుసు?"

"ఆ గది నాది." గొంతు తగ్గింది. "ఆ కాలూ నాదే."

ఆశ్రిత బొమ్మ వంక చూసింది. తర్వాత అతని పాదాల వంక చూసింది. ఆంజనేయులు పంచె కిందికి లాక్కున్నాడు.

"ఆమె సచ్చిపోయి పన్నెండేండ్లాయ. ఏటా తద్దినం పెడతాండా. పదకొండు గంటలకు మా ఊరి ఆడోళ్లు ఈ బొమ్మలు చూసేకి జీపులో వస్తాండారు. ఇది చూస్తే ఊళ్లో తలెత్తుకోలేను. నీ కాళ్లు పట్టుకుంటా తల్లీ."

నిజంగానే వంగాడు. ఆశ్రిత వెనక్కు జరిగింది.

"ఆమె పేరేంది?"

ఆంజనేయులు లేచి పంచె దులుపుకున్నాడు.

"జ్యోతిలక్ష్మి," అన్నాడు మీరావలి.

"రిజిస్టరు చూసొస్తా."

"చూసేదేముండాది? ఇచ్చేయ్," అన్నాడు ఆంజనేయులు. ఆమె అప్పటికే వెళ్లిపోయింది.

"వదినకు ఇంత పనితనముండాదని ఎవరికి తెలుసన్నా? పిచ్చిదని మూల పడేస్తివి."

"నోరు మూసుకో."

"మూసుకుంటాలే. ఆ పొద్దు వదినను ఆస్పత్రికి తీసుకుపోతాంటే మేమూ వస్తామంటిమి, వద్దంటివి. ఒక్కడివే పోయి బూడిద మూటతో దిగితివి. కడచూపు కూడా లేకపాయ మాకు."

ఆంజనేయులు వాకిలి వంక చూశాడు. జీపు ఇంకా రాలేదు.

ఆశ్రిత తిరిగి వచ్చింది. ఈసారి అతనికి కొంచెం దూరంగా నిలబడింది.

"పేరు సరిపోయింది. దించాలంటే గీసినామె ఒప్పుకోవాల."

"సచ్చినామె యాడనుంచి వచ్చి ఒప్పుకుంటాది పాపా?" అన్నాడు మీరావలి.

"బయట టిఫిన్ తింటాండాది."