కూడిక సరిపోయింది

అమ్మాయి ఉడికించిన గుడ్ల పళ్లెం పక్కకు నెట్టి, మళ్లీ బిస్కెట్ల పొట్లం విప్పింది. ఆ ఉదయమే స్నానాల గది గుమ్మంలో కూలబడింది.

"రోజుకి పన్నెండు వందల క్యాలరీలు దాటట్లేదు కదా నాన్నా. బరువు తగ్గడానికి బిస్కెట్లయితే ఏంటి, గుడ్లయితే ఏంటి? లెక్క లెక్కే."

"ఏ మేధావి చెప్పాడే ఆ మాట?"

"మీరే. అమ్మకి చెప్పేవారుగా. లెక్కల మాస్టారి ఇంట్లో ఇంకేం వింటాం?"

నవ్వింది. పెదవుల్లో రంగు లేదు.

బీరువాలోంచి వాళ్లమ్మ క్యాలరీలు రాసుకున్న నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టాను. రెండేళ్లుగా ఎవరికీ చూపించలేదు. పేజీల నిండా బిస్కెట్లు, టీలు, చాక్లెట్లు. ప్రతి రోజూ మొత్తం పక్కన, పిల్లల పేపర్లు దిద్దినట్టే, ఎర్ర సిరాతో నేను పెట్టిన టిక్కు.

"చివరి పేజీ చదువు తల్లీ."

'పొద్దుట్నుంచి కళ్లు తిరుగుతున్నాయి. మెట్లు దిగాలంటే భయంగా ఉంది.' ఆ కింద మొత్తం, పదకొండు వందల తొంభై. పక్కన నా టిక్కు.

అది రాసిన సాయంత్రమే వాళ్లమ్మ మెట్ల మీంచి పడి చనిపోయింది.

"నేను కూడిక ఒక్కటే చూశానమ్మా," అన్నాను. "గుడ్డు తిను."