నూట ముప్పై బల్ల

“వెనక తలుపు నుంచి వచ్చావేంటయ్యా, ముందు తలుపుకి ఏమొచ్చింది?” అంది గెర్లిండ.

“వీధిలో జనం ఉన్నారు,” అన్నాడు కిలియన్. గుమ్మంలో పట్టా అప్పటికే తడిసి ముద్దయి ఉంది. దాని మీదే కాళ్లు తుడుచుకుని, చప్పుడు కాకుండా తలుపు వేశాడు. అది కిర్రుమంటుందని భయపడ్డాడు గానీ, కిర్రుమనలేదు.

“మొన్ననే నూనె వేశాను,” అంది ఆమె. “కూర్చో. మేజోడు విప్పు.”

ఊళ్లో స్కీ బూట్లు అమ్మేది ఆమె ఒక్కతే. కిలియన్‌తో కలిసి బడికి వెళ్లిన మనిషి, అందుకని మొహమాటం లేదు. మేజోడు విప్పాక అతని బొటనవేలు చూసి నాలుక చప్పరించింది. గోరు నేరేడు పండులా నల్లగా మెరుస్తోంది.

“ఎన్నాళ్ల నుంచి?”

“క్రిస్మస్ నుంచి. మధ్యాహ్నమయ్యేసరికి తొడలు రాళ్లయిపోతున్నాయి.”

“అవవా మరి? బూటు ఎంత గట్టిదైతే నంబరు అంత పెద్దది. నూట ముప్పై నంబరు నీకు ముప్పై ఏళ్లప్పుడు సరే. ఇప్పుడు నువ్వు మోకాలు ముందుకు తోసినా ఆ బూటు వంగదు. అది వంగకపోతే నువ్వు వెనక్కి కూర్చుంటావు. వెనక్కి కూర్చుని దిగితే తొడలు మండక చస్తాయా?”

ఆమె లోపలి నుంచి ఒక జత తెచ్చింది. మెత్తటి లోపలి తొడుగు లాగేసి, అతని పాదాన్ని ఒట్టి ప్లాస్టిక్ డిప్పలో పెట్టించింది. వేళ్లు ముందుకు తగిలాక మడమ వెనక తన వేలు దూర్చింది. ఒకటి పట్టింది, రెండోది ఇరుక్కుంది. “సరిగ్గా ఉంది,” అంది. చీలమండ ఎముక తగిలేచోట డిప్పను వేడిచేసి కాస్త ఉబ్బించింది. చల్లారాక తొడుగు పెట్టి, బూటు వేసి, క్లిప్పులు బిగించింది.

“ఇప్పుడు మోకాలు ముందుకు.”

కిలియన్ తోశాడు. పాదం ఇటూ అటూ కదల్లేదు. వేళ్లు మాత్రం హాయిగా వెనక్కి జరిగాయి. ఇన్నేళ్లలో మొదటిసారి, బూటు తనని కరవకుండా పట్టుకున్నట్టు అనిపించింది.

“దేవుడా! ఇదెంత నంబరు?”

“నూరు.”

అతని మొహం వాడిపోయింది. “నూరా! నన్ను తీసుకెళ్లి తలుపు దగ్గర బల్లకి అప్పజెప్తావా?”

ఆ సంగతి ఆమెకి తెలియంది కాదు. కొండ మీది హోటల్లో పొయ్యి పక్కన ఒక పెద్ద బల్ల ఉంది. నూట ముప్పై తొడిగినవాళ్లకే అక్కడ చోటు. కూర్చోగానే ప్యాంటు అంచులు పైకి మడవాలి, నంబరు కనిపించాలి. అంతకు తక్కువైతే తలుపు దగ్గర చిన్న బల్ల. ఎవరు లోపలికొచ్చినా సూపులో మంచు పడుతుంది. కిలియన్ ఇరవయ్యొక్క ఏళ్లుగా పొయ్యి పక్కనే కూర్చుంటున్నాడు. భార్య హెడ్విగ్ పోయాక అతను మనుషులతో మాట్లాడేది ఆ గంటసేపే.

“గెర్లిండా, నీకు దండం పెడతా. దీని మీద నూట ముప్పై అని వెయ్యి. మన మధ్యే ఉండాలి.”

ఆమె ఎందుకని అడగలేదు. పిల్లల బూట్లకి పేర్లు వేసే చిన్న మిషను సొరుగులోంచి తీసింది. “పాతది. మూడు అంకె కాస్త ఎడమకి వాలుతుంది. అయినా వంగి చూసేదెవరులే.”

“పొయ్యి బల్ల దగ్గర ఇగ్నాట్స్ చూస్తాడు! కొత్త బూటు వస్తే కళ్లజోడు పెట్టుకుని మరీ చదువుతాడు వాడు.”

“చదవనీ,” అంది గెర్లిండ, నవ్వు ఆపుకుంటూ.

మర్నాడు పొద్దున్న కిలియన్ నిటారు వాలు మీంచి మూడుసార్లు దిగాడు, ఎక్కడా ఆగలేదు. పదకొండింటికి హోటల్లోకి అడుగుపెట్టాడు. తలుపు పక్కన సెవెరిన్ ఒక్కడే సూపు తాగుతున్నాడు. పోయినేడాది నూరు నంబరు కొన్నానని తనే చెప్పుకున్న పిచ్చిమారాజు.

“ఏం కిలియన్, కొత్త బూట్లా? హాయిగా ఉన్నాయా?”

“హాయి ఏంటి? నూట ముప్పై ఇవి,” అనేసి కిలియన్ పొయ్యి వైపు నడిచాడు.

“ఆగు, ఆగు!” ఇగ్నాట్స్ లేచాడు. “కాలు బెంచీ మీద పెట్టరా.”

బల్ల చుట్టూ ఆరుగురూ మాటలాపేశారు. ఇగ్నాట్స్ కళ్లజోడు సర్దుకుని బూటు మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

“ఈ మూడు...” అన్నాడు.

కిలియన్‌కి తలుపు దగ్గర ఖాళీ కుర్చీ కళ్లముందు మెదిలింది. ఇగ్నాట్స్ తలెత్తి అతని మొహంలోకి ఒకసారి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“నూట ముప్పై!” అని అరిచాడు.

ఆరుగురూ బల్ల దద్దరిల్లేలా గుద్దారు. ఎప్పటికంటే గట్టిగా గుద్దినట్టే ఉంది. కిలియన్ బతుకు జీవుడా అనుకుంటూ తన చోట్లో కూలబడ్డాడు. జున్ను వేసిన వేడి ఉండలు వచ్చాయి. ధైర్యం కూడా వచ్చింది.

“ఒరేయ్ సెవెరిన్,” అని కేకేశాడు, “నీకు ఉన్ని చెప్పులు అల్లించమంటావా?”

బల్లంతా పడీపడీ నవ్వింది. సెవెరిన్ తలుపు వైపు నుంచి చెయ్యి ఊపి, సూపులో పడ్డ మంచుని చెంచాతో తీసి పారేశాడు.

నవ్వుతుంటే కిలియన్ చేతిలోంచి ఫోర్కు జారి బల్ల కింద పడింది. తీసుకుందామని వంగాడు.

అక్కడ ఆరు జతల బూట్ల మీదా మూడు ఎడమకే వాలి ఉంది.